గంటా నలభై నిమిషాల దూరం, ఇరవై ఒక్క గంటల ప్రయాణం

ఒంగోలు దగ్గర చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తుంటాను. మిషన్ల మీద పనిచేసే కుర్రాళ్లలో చాలామంది రాజస్థాన్ వాళ్లే. నన్ను మునీమ్‌జీ అంటారు, నేను వాళ్లను తమ్ముడూ అంటాను. పోయిన చలికాలం ఒకరోజు మధ్యాహ్నం పన్నెండున్నరప్పుడు వాళ్లలో ఒకడు చేతులకంటిన రాతి బురద కూడా కడుక్కోకుండా ఆఫీసు గదిలోకి వచ్చాడు. ఇంటి దగ్గర్నుంచి ఫోనట. తండ్రికి ఒంట్లో బాగా లేదట. ఊరు అజ్మీర్ పక్కన కిషన్‌గఢ్.

"మునీమ్‌జీ, విమానంలో అయితే ఎంతసేపు?"

ఫోను తీసి ఒంగోలు, కిషన్‌గఢ్ అని రెండు ఊళ్ల పేర్లూ కొట్టాను. దూరం 1,350 కిలోమీటర్లు, విమాన ప్రయాణం 1 గంట 41 నిమిషాలు అని వచ్చింది. అదే చదివి వినిపించాను. "అయితే రాత్రి భోజనం వేళకి ఇంట్లో ఉంటాను" అన్నాడు. అవునన్నట్టు తలూపాను.

వాడు ఇల్లు చేరింది మర్నాడు పదిన్నరకి. అప్పటికే తండ్రిని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చారు, మనిషి లేచి కూర్చున్నాడు. అలా కాకుండా ఇంకోలా జరిగి ఉంటే ఇదంతా కూర్చుని రాసే ధైర్యం నాకు ఉండేది కాదు. లెక్కలు రాసేవాణ్ని, అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడక్కుండా ఇంకొకరికి చదివి వినిపించాను. ఆ రాత్రి నుంచి ఆ 1 గంట 41 నిమిషాలు బుర్రలో తిరుగుతూనే ఉంది. అది ఎలా పుట్టింది? మిగతా ఇరవై గంటలు ఎక్కడికి పోయాయి?

ముందు అంకె పుట్టుక. ఈ లెక్క వేసే సైట్లకి ఒంగోలంటే ఊరు కాదు, మ్యాపు మీద ఒక చుక్క. అక్షాంశం 15.5 డిగ్రీలు, రేఖాంశం 80.05. కిషన్‌గఢ్ ఇంకో చుక్క, 26.59, 74.81. ఉత్తర దక్షిణాలుగా ఒక్కో డిగ్రీకి దాదాపు 111.2 కిలోమీటర్లు. రెండు ఊళ్ల మధ్య తేడా 11.09 డిగ్రీలు కాబట్టి ఉత్తరానికి 1,233 కి.మీ. వెళ్లాలి. తూర్పు పడమరల లెక్కలో మాత్రం చిన్న మెలిక ఉంది. రేఖాంశాలు పుచ్చకాయ చారల్లాంటివి. నడుము దగ్గర ఎడంగా ఉండి, తొడిమ వైపు పోయేకొద్దీ దగ్గరకి జరుగుతాయి. ఒంగోలు దగ్గర ఒక డిగ్రీ వెడల్పు 107 కి.మీ. అయితే కిషన్‌గఢ్ దగ్గరకి వచ్చేసరికి 99.5 కి తగ్గిపోతుంది. నడిమధ్య విలువ 103.8 అనుకుంటే 5.24 డిగ్రీలకి 544 కి.మీ. పడమరకి జరగాలి. ఇక మిగిలింది హైస్కూల్లో చదివిన పైథాగరసే. 1,233 వర్గం, 544 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 1,348 వస్తుంది. సైట్లు ఇదే పనిని హావర్‌సైన్ అనే సూత్రంతో, భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం ఉన్న గుండ్రటి బంతిగా అనుకుని ఇంకొంచెం శుభ్రంగా చేస్తాయి. ఇంత దూరానికి రెండు పద్ధతులకీ పెద్ద తేడా రాదు.

బంతి మీద రెండు చుక్కల మధ్య అతి దగ్గర దారి మ్యాపు మీద గీసే సరళరేఖ కాదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు మా దగ్గర చాలామంది. ఫోన్లో విమానం గీత చూసి "ఇదేంటి, అటు తూర్పుకో ఇటు పడమటికో పోకుండా ఉత్తర ధ్రువం వైపు ఎక్కుతోంది" అని కంగారు పడతారు. స్కూల్లో ఉండే గ్లోబు ఒకటి తెచ్చి, ఢిల్లీ దగ్గర ఒక వేలు, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఒక వేలు పెట్టి మధ్యలో దారం బిగించి చూడండి. దారం తనంతట తనే ఉత్తరానికి జరుగుతుంది. ఒంగోలు నుంచి రాజస్థాన్‌కి ఆ వంపు లెక్కలోకి రానంత తక్కువ.

సరే, 1,348 వచ్చింది. దాన్ని ఆ సైటు గంటకి 800 కి.మీ. వేగంతో భాగించింది. 1 గంట 41 నిమిషాలు. అంతే, అయిపోయింది. అక్కడ విమానం ఉందా, రన్‌వే ఉందా, ఈ రోజు టికెట్టు దొరుకుతుందా అన్న ఆలోచనే ఆ లెక్కలో లేదు. చీమకుర్తి క్వారీ గట్టు మీద నుంచి ఎవరో ఒక మనిషిని గంటకి 800 కి.మీ. వేగంతో విసిరితే, వాడు అదే వేగంతో కిషన్‌గఢ్ మార్బుల్ మండీలో వాలితే పట్టే టైమది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. అసలు చుక్కే వేరే ఊరిది కావచ్చు. కిషన్‌గఢ్ అని కొడితే ఢిల్లీలో వసంత్ కుంజ్ పక్కనున్న కిషన్‌గఢ్ రావచ్చు, రాజస్థాన్‌లోనే అల్వర్ వైపున్న కిషన్‌గఢ్ బాస్ రావచ్చు. మన వైపు కందుకూరు అని కొడితే రంగారెడ్డి జిల్లా కందుకూరు ఎదురవుతుంది. ఊరి పేరు పక్కన జిల్లా పేరు కూడా కొట్టడం అలవాటు చేసుకుంటే మంచిది. నేను ఈ ఒక్కటీ ఆ రోజు సరిగ్గానే చేశాను.

నేల మీద ప్రయాణానికి ఈ సూటి దూరం, అదే ఏరియల్ డిస్టెన్స్, కాస్తో కూస్తో పనికొస్తుంది. ఎంత పెంచి చూసుకోవాలో తెలియాలి, అంతే. ఒంగోలు నుంచి నెల్లూరుకి సూటిగా 118 కి.మీ., హైవే మీద వెళ్లినా అయిదారు కిలోమీటర్లే ఎక్కువ. సముద్రం పక్కనే తీరం వెంట గీత గీసినట్టు పోయే రోడ్డు కదా. అదే నల్లమల దాటి శ్రీశైలం పోవాలంటే ఘాట్ మలుపులు లెక్కని ఎక్కడికో తీసుకుపోతాయి. కిషన్‌గఢ్ దాకా అయితే హైదరాబాద్, నాగ్‌పూర్, భోపాల్, కోట మీదుగా 1,700 పైచిలుకు. అంటే సూటి దూరానికి పావు వంతుకి పైనే కలుపుకోవాలి. మా స్లాబులు తీసుకెళ్లే లారీవాళ్లు ఈ దారిలోనే నాలుగైదు రోజులు నడుపుతారు. వాళ్లెవరూ ఏరియల్ డిస్టెన్స్ అడగరు. డీజిలూ, టోల్‌గేట్లూ అడుగుతారు.

గాల్లో లెక్క ఇంకోలా ఉంటుంది. హైదరాబాద్ నుంచి జైపూర్ సూటిగా 1,100 కి.మీ. 800తో భాగిస్తే 1 గంట 22 నిమిషాలు. టికెట్టు మీద మాత్రం దాదాపు రెండు గంటలు ఉంటుంది. ఎయిర్‌లైన్స్ వాళ్లు టికెట్టు మీద వేసేది గాల్లో ఉన్న సమయం కాదు, బ్లాక్ టైమ్. బయల్దేరే చోట చక్రాల కింద అడ్డుదిమ్మలు తీసి విమానం కదిలినప్పటి నుంచి, దిగిన చోట నిలిచి మళ్లీ దిమ్మలు పెట్టేదాకా. ఇందులో రన్‌వే దాకా పాకడం ఉంది, ముందున్న విమానాల వెనక క్యూలో నిలబడటం ఉంది, దిగాక మళ్లీ గేటు దాకా పాకడం ఉంది. ఈ నేల మీద నడకే పావుగంట నుంచి అరగంట తినేస్తుంది.

గాల్లోకి లేచాక కూడా 800 వెంటనే రాదు. పది వేల అడుగుల లోపు వేగం 250 నాట్లు దాటకూడదు, అంటే గంటకి 463 కి.మీ. అక్కడి నుంచి 35 వేల అడుగులు ఎక్కడానికి మొత్తం ఇరవై, పాతిక నిమిషాలు. ఆ ఎత్తుకి చేరాక ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటివి గంటకి 830 కి.మీ. దాకా పోతాయి. ఆ ముచ్చట కాసేపే. దిగడానికి పైలట్లకి ఒక మోటు లెక్క ఉంది. ఎన్ని వేల అడుగుల ఎత్తులో ఉంటే దానికి మూడు రెట్లు నాటికల్ మైళ్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. 35 వేల అడుగులకి 105 నాటికల్ మైళ్లు, అంటే 195 కి.మీ. జైపూర్‌లో దిగాల్సిన విమానం కోట పట్టణం దగ్గరకి వచ్చేసరికే ముక్కు వంచాలన్నమాట. కిటికీ పక్క సీటులో కూర్చున్నవాడికి చెవులు దిబ్బడ వేయడం అక్కడే మొదలవుతుంది, ఇంకా అరగంట ప్రయాణం ఉండగానే.

పైగా ఆకాశంలో కూడా విమానం గీత గీసినట్టు పోదు. వైమానిక దళం అట్టిపెట్టుకున్న మేర ఉంటుంది. 2020 మే నెలలో కేంద్ర ఆర్థిక మంత్రే దేశ గగనతలంలో 60 శాతమే స్వేచ్ఛగా వాడుకోవడానికి దొరుకుతోందని చెప్పి, ఆ వాటా పెంచుతామన్నారు. ఇది నెల్లూరు వాళ్లకి కొత్త సంగతి కాదు. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజుల్లో జాలర్లను వేటకి పోవద్దంటారు. అదే సమయంలో విమానాలకీ ఆ మేర ఆకాశం మూసి ఉందని నోటీసు వెళ్తుంది, అటు వెళ్లే విమానాలు చుట్టు తిరిగి పోతాయి. చివర్లో దిగే ఊరి దగ్గర వరస కుదరకపోతే గాల్లోనే చక్కర్లు. ఇవన్నీ తెలిసే ఎయిర్‌లైన్స్ వాళ్లు టైమ్‌టేబుల్‌లో పది నిమిషాలు ఎక్కువ వేసుకుంటారు. దిగేటప్పుడు "పది నిమిషాలు ముందే చేరాం" అని మైకులో చెబితే మనం మురిసిపోతాం. ఆ పది నిమిషాలూ ముందు మన దగ్గర్నుంచి తీసుకున్నవే.

గాలి సంగతి కూడా ఒక ముక్క. చలికాలంలో ఉత్తర భారతం మీద చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి బలంగా వీస్తుంది. అందుకే ఢిల్లీ నుంచి గువాహటి పోయేటప్పటి కంటే వచ్చేటప్పుడు ఎక్కువసేపు పడుతుంది. మన వాడి దారి దక్షిణం నుంచి ఉత్తరానికి కాబట్టి గాలి అడ్డంగా తగులుతుందే తప్ప పెద్దగా ఆపదు, సాయపడదు.

ఇవన్నీ కలిపి ఒక మోటు లెక్క తయారుచేసుకున్నాను. జెట్ విమానానికి సూటి దూరాన్ని 800తో భాగించి 40 నిమిషాలు కలపాలి. హైదరాబాద్ నుంచి జైపూర్‌కి 2 గంటల 2 నిమిషాలు వస్తుంది, టికెట్టు మీద ఉన్నదానికి సరిపోయింది. చెన్నై నుంచి జైపూర్ 1,600 కి.మీ., 2 గంటల 40 నిమిషాలు. అదీ సరిపోయింది. రెక్కల ముందు ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ విమానాలైతే 500తో భాగించి అరగంట పైచిలుకు కలపాలి. గన్నవరం నుంచి హైదరాబాద్ సూటిగా 264 కి.మీ. కదా, సైటు లెక్కలో 20 నిమిషాలు. నా లెక్కలో గంటకి కాస్త పైన, టికెట్టు మీదా అంతే. దూరం తగ్గేకొద్దీ సైటు అంకె ఎంత అన్యాయంగా ఉంటుందో ఈ ఒక్క ఉదాహరణలోనే కనిపిస్తుంది. మూడో వంతు కూడా చెప్పలేదు.

అయినా ఇవన్నీ కలిపితే తేడా నలభై నిమిషాలు, గంట. వాడికి పట్టింది ఇరవై ఒకటిన్నర గంటలు. అసలు దొంగ ఆకాశంలో లేడు, నేల మీద ఉన్నాడు.

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ టికెట్టు కొని ఎక్కే విమానాశ్రయం లేదు. నెల్లూరు వాళ్లు దగదర్తి విమానాశ్రయం మాట ఏళ్లుగా వింటున్నారు. ఇక్కడ ఒక వింత చెప్పుకోవాలి. అద్దంకి పక్కన కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారినే రన్‌వేగా కట్టారు, నాలుగు కిలోమీటర్లకి కాస్త అటూ ఇటుగా ఉంటుంది. 2022 డిసెంబరు 29న వైమానిక దళం వాళ్లు అక్కడ ట్రయల్ రన్ చేశారు, జనం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూడ్డానికి వెళ్లారు. అత్యవసరం వస్తే యుద్ధ విమానం దిగడానికి అది. మా కుర్రాడి అత్యవసరానికి కాదు.

కాబట్టి ఒంగోలు వాడు విమానం ఎక్కాలంటే ముందు నాలుగు దిక్కులు చూడాలి. గన్నవరం 165 కి.మీ., మూడు గంటలు. రేణిగుంట 250 దాకా. చెన్నై విమానాశ్రయం 300 దాటుతుంది, ఆరు గంటలు అనుకోవాలి. అద్దంకి, నార్కెట్‌పల్లి మీదుగా శంషాబాద్ కూడా దాదాపు అంతే. నెల్లూరు వాడి చిట్టా వేరు. రేణిగుంట 130 కి.మీ., చెన్నై 180, 190. గిద్దలూరు, మార్కాపురం వైపు వాళ్లది ఇంకో చిట్టా. ఆ వైపు సైన్యంలో పనిచేసేవాళ్లు ఎక్కువ, సెలవు మీద వచ్చి వెళ్లేటప్పుడు ఎక్కడెక్కడి స్టేషన్లకో పరుగెత్తుతుంటారు. వాళ్లకి దోర్నాల, శ్రీశైలం మీదుగా హైదరాబాద్ పోయే దారి మ్యాపు మీద దగ్గర. అది పులుల అడవి కాబట్టి రాత్రిపూట గేటు మూసేస్తారు. తెల్లవారుజాము ఫ్లైటుకి ఆ దారిని నమ్ముకున్నవాడు గేటు దగ్గరే నిద్రపోవాలి.

దగ్గరి విమానాశ్రయం అంటే త్వరగా చేర్చే విమానాశ్రయం అని అర్థం కాదు. ఈ ఒక్క ముక్క ఆ రోజు నాకు తెలిసి ఉంటే చాలు. గన్నవరం దగ్గర, నిజమే. అక్కడి నుంచి జైపూర్ పోవాలంటే హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో దిగి ఇంకోటి ఎక్కాలి. హైదరాబాద్ ఒంగోలుకి వాయవ్యంగా ఉంది, గన్నవరం ఈశాన్యంగా ఉంది. అంటే ఎడమకి పోవాల్సినవాడు ముందు కుడికి పోయి, గాల్లో వెనక్కి ఎడమకి వచ్చాడు. చెన్నై నుంచి జైపూర్‌కి నేరుగా విమానాలు ఉన్నాయి. అక్కడికి పోవాలంటే మాత్రం ఉత్తరానికి వెళ్లాల్సినవాడు ఆరు గంటలు దక్షిణానికి కారులో కూర్చోవాలి. మనసు ఒప్పుకోదు. ఒక్కోసారి అదే త్వరగా చేరుస్తుంది.

ఇదంతా ఎందుకంటే విమానాలు బస్సుల్లా ఊరి నుంచి ఊరికి నడవవు. పాత బస్టాండుల్లో జంక్షన్ అనేవాళ్లే, ఆ పద్ధతి. చుట్టుపక్కల చిన్న ఊళ్ల జనాన్ని ఒక పెద్ద ఊళ్లో పోగుచేసి, అక్కడి నుంచి పెద్ద విమానంలో పంపిస్తారు. ఒంగోలు నుంచి రోజూ కిషన్‌గఢ్ పోయేవాళ్లు ఎంతమంది ఉంటారు? రోజుకి ఒకడు, ఇద్దరు. ఏటీఆర్‌లోనే డెబ్బై పైచిలుకు సీట్లుంటాయి. అందుకని వాడికి నేరుగా విమానం ఎవరూ వేయరు. చైనులో లింకుల్లా రెండు మూడు ప్రయాణాలు తగిలించుకోవాలి. ప్రతి లింకు దగ్గరా కొంత వేచి ఉండటం తప్పదు. ఎక్కువ ఎయిర్‌లైన్స్‌లో దేశీయ విమానాలకి గంట ముందే కౌంటర్ మూసేస్తారు, 25 నిమిషాల ముందు గేటు మూసేస్తారు. టికెట్లు విడివిడిగా కొని ఉంటే మొదటి విమానం ఆలస్యమైనందుకు రెండో దాని వాళ్లు మన కోసం ఆగరు, డబ్బూ ఇవ్వరు. అందుకే రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండేలా కొనుక్కోమని అందరికీ చెబుతుంటాను.

ఇంతకీ కిషన్‌గఢ్‌లో విమానాశ్రయం ఉంది. 2017లోనే తెరిచారు. ఉడాన్ పథకం కింద చిన్న ఊళ్లకి విమానాలు పంపుతామన్న రోజులవి. ఆ ఏడాది ఏప్రిల్ 27న మొదలైన తొలి ఉడాన్ విమానాల్లో మన కడప, హైదరాబాద్ సర్వీసు కూడా ఒకటి. గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయల చొప్పున అమ్మాలన్నారు, నష్టాన్ని మూడేళ్లపాటు ప్రభుత్వం భరిస్తుందన్నారు. ఆలోచన మంచిదే. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక చదివితే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. మొదటి మూడు విడతల్లో ఇచ్చిన 774 రూట్లలో విమానం ఎగిరింది 371 రూట్ల మీదే. మూడేళ్లూ పూర్తిగా నడిచినవి 112. సాయం ఆగిపోయాక కూడా 2023 మార్చి నాటికి నిలబడినవి 54. అంటే రన్‌వే ఉన్నంత మాత్రాన, మనకి కావాల్సిన వైపు, కావాల్సిన రోజున విమానం ఉంటుందని అనుకోకూడదు. ఆ రోజు నేను వెతికిన టైముకి వాడి ఊరికి కుదిరేది ఏదీ కనిపించలేదు. జైపూర్‌లో దిగి 100 కి.మీ. రోడ్డు మీద పోవడమే దారి.

దగదర్తి గురించి కూడా నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. రేపు అక్కడ విమానాశ్రయం వచ్చి, రోజుకి ఒకే ఒక్క విమానం హైదరాబాద్ వెళ్తే నెల్లూరు వాళ్లలో సగం మంది రేణిగుంటకో చెన్నైకో పోతూనే ఉంటారు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి ఉంటే అప్పుడు లెక్క మారుతుంది. ఎన్ని కిలోమీటర్లు తగ్గాయన్నదాని కంటే రోజుకి ఎన్ని విమానాలన్నది పెద్ద విషయం. కొత్త విమానాశ్రయాల గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగరెందుకో.

ఇక ఆ ఇరవై ఒకటిన్నర గంటలు. మర్నాడు వాడే ఫోనులో చెబుతుంటే బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకి చీమకుర్తిలో కారు ఎక్కాడు. ఒంగోలు దాటి, విజయవాడ ట్రాఫిక్ దాటి గన్నవరం చేరేసరికి అయిదు. అక్కడ రెండు గంటలు కూర్చున్నాడు. ఏడు దాటాక విమానం, ఎనిమిది దాటాక హైదరాబాద్. ఆ రాత్రి జైపూర్ పోయే విమానంలో సీటు లేదు. గదికి డబ్బు దండగ అని కుర్చీల్లోనే పడుకున్నాడు. పడుకున్నానని చెప్పాడు, నిద్రపోయానని చెప్పలేదు. ఉదయం ఆరుకి విమానం. డిసెంబరు, జనవరుల్లో అటువైపు పొగమంచు పడితే ఈ విమానాలు గంటల తరబడి ఆగిపోతుంటాయి, ఆ రోజు మంచు లేదు, అదృష్టం. ఎనిమిదికి జైపూర్. బయటికొచ్చి, బస్సు కనుక్కుని, కిషన్‌గఢ్ హైవే మీద దిగి, ఆటో పట్టుకుని ఇల్లు చేరేసరికి పదిన్నర.

ఇందులో విమానం లోపల ఉన్నది రెండూ కలిపి మూడు గంటలు. రోడ్డు మీద, అటు నాలుగు గంటలు, ఇటు రెండున్నర. మిగిలిన పన్నెండు గంటలూ వాడు ఎక్కడికీ కదల్లేదు. కుర్చీలో ఉన్నాడు. సైటు చెప్పిన 1 గంట 41 నిమిషాల్లో ఈ కుర్చీ లేదు. ఏ దూరం లెక్కలోనూ ఉండదు, ఎందుకంటే దానికి కిలోమీటర్లు లేవు. అది ఎన్ని గంటలకి బయల్దేరాం అన్నదాని మీద ఆధారపడుతుంది. అదే మనిషి అదే రోజు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి ఉంటే శంషాబాద్‌కి కారులోనే పోయి, మధ్యాహ్నం విమానం పట్టుకుని, చీకటి పడేసరికి తండ్రి మంచం పక్కన ఉండేవాడు. అదే దూరం, అవే ఊళ్లు, ఏడెనిమిది గంటలు తేడా.

ఒంటిగంటకి బయల్దేరినవాడికి కూడా మంచి దారి ఉందా అని ఆ తర్వాత కూర్చుని చూశాను. గన్నవరం పోకుండా నేరుగా శంషాబాద్‌కి కారులో పోతే ఏడున్నరకి చేరేవాడు. రాత్రి విమానంలో సీటు ముందే ఫోనులో చూసుకుని ఉంటే అర్ధరాత్రి దాటాక జైపూర్‌లో దిగే అవకాశం ఉండేది. సీటు లేకపోతే మాత్రం అదే కుర్చీ. నేను ఆ రోజు చేయాల్సింది చివరి విమానంలో సీటు ఉందో లేదో ముందు చూడటం, తర్వాత అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ చీమకుర్తి దాకా రావడం. నేను చివరి నుంచి వెనక్కి రాలేదు, మొదటి నుంచి చివరికి పోయాను. దగ్గర్లో ఉన్న విమానాశ్రయానికి పరుగెత్తించాను, చివరికి వాడికి కుర్చీ దొరికింది.

రైలు మాట కూడా చెప్పాలి. ఒంగోలు స్టేషన్ చెన్నై, ఢిల్లీ పెద్ద లైను మీద ఉంది. విజయవాడ, వరంగల్, బల్లార్షా, నాగ్‌పూర్, భోపాల్ మీదుగా ఉత్తరాదికి పోయే బండ్లు ఇటే పోతాయి. ఈ లైను మీద చెన్నై నుంచి ఢిల్లీకి 2,180 కి.మీ. దాకా ఉంటుంది, సూటిగా చూస్తే 1,760. జీటీ ఎక్స్‌ప్రెస్ ఆ దూరాన్ని ఒకటిన్నర రోజులో పోతుంది. మా కుర్రాళ్లు పండక్కి పోయేటప్పుడు రైలే ఎక్కుతారు. డబ్బు ఒక్కటే కారణం కాదు. రైల్లో ముప్పై గంటలైనా కాళ్లు చాపుకుని పడుకుంటారు, పక్కన మనవాళ్లుంటారు, రొట్టెలు కట్టుకుని పోతారు. విమానం ఇరవై ఒక్క గంటల్లో చేర్చిందని, రైలు ముప్పై తీసుకుంటుందని మనం తొమ్మిది గంటలు తేడా రాసుకుంటాం. కుర్చీలో జాగారం చేసినవాడు ఆ తేడాని అంత పెద్దగా చూడడు. తండ్రికి బాగా లేదన్నప్పుడు మాత్రం రెండు గంటలు తగ్గినా చాలనిపిస్తుంది. ఆ టెన్షన్‌లో ఉన్నవాడికి అబద్ధపు అంకె చెప్పడం ఎంత పాపమో నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు మా యూనిట్‌లో హాజరు పుస్తకం పెట్టే బల్ల పైన గోడకి ఒక కాగితం అంటించాను. జైపూర్, పాట్నా, భువనేశ్వర్, మూడు ఊళ్లకి. ఏ ఊరికి పోవాలంటే ఏ విమానాశ్రయానికి, చివరి విమానం ఎన్నింటికి, దానికి చీమకుర్తిలో ఎన్నింటికల్లా కారు ఎక్కాలి, ఆ టైము దాటిపోతే ఏ రైలు. టైమ్‌టేబుళ్లు మారుతుంటాయి కాబట్టి నెలకోసారి పెన్సిల్‌తో దిద్దుతాను. మొన్న వాడే, సెలవు నుంచి తిరిగొచ్చి, ఆ కాగితం ముందు నిలబడి చాలాసేపు చదివాడు. "దీంట్లో ఎంత దూరమో రాయలేదేంటి మునీమ్‌జీ?" అన్నాడు. రాయడానికి చోటు మిగల్లేదు తమ్ముడూ అన్నాను.